అయితే ఏంటట?

మా అమ్మాయి తొమ్మిదో తరగతిలో రాసిన మొదటి ఇంగ్లీషు వ్యాసం తిరిగొచ్చిన రోజు నాకు బాగా గుర్తు. 2018 సెప్టెంబరు. వందకి 68 మార్కులు. కాగితం అటూ ఇటూ తిప్పి చూశాను. స్పెల్లింగు తప్పు ఒక్కటి లేదు. గ్రామరు తప్పని ఎక్కడా గీత లేదు. మార్జిన్‌లో ఊదారంగు పెన్నుతో మూడు చోట్ల ఒకే మాట: ‘సో వాట్?’

మనకి తెలిసిన అర్థం ఒకటే కదా. అయితే ఏంటట? పిల్ల రాత్రి పదకొండింటి దాకా కూర్చుని రాసుకుపోతే ఒక టీచరు రాయాల్సిన మాట ఇదేనా అని ఒళ్ళు మండింది. అదీ ఒకసారి కాదు, మూడుసార్లు. మా ఆయన ఆఫీసు నుంచి రాగానే చూపిస్తే, చదివి, ‘బానే రాసిందిగా, టీచరు కొంచెం స్ట్రిక్టేమో’ అని ఆ కాగితం ఫ్రిజ్ మీద పెట్టేశారు. ఆయన ఏ గొడవనైనా ఫ్రిజ్ మీదే పెడతారు.

మేం ఆ జులైలోనే హైదరాబాద్ నుంచి డాలస్ వచ్చాం. అమ్మాయి ఎనిమిదో తరగతి దాకా అక్కడ సీబీఎస్‌ఈ స్కూల్లో చదివింది. నాది హెచ్-4 వీసా, ఉద్యోగం చేసే వీల్లేదు. కారు నడపడం అప్పటికి రాదు. రోడ్డు మీద నడిచే మనిషి కనపడని ఊళ్ళో, మధ్యాహ్నం అన్నం తిన్నాక ఏం చెయ్యాలో తోచక, అమ్మాయి ఇంగ్లీషు పుస్తకాలు తీసి చదవడం మొదలుపెట్టాను. అలా దానితోపాటు నేనూ నాలుగేళ్ళు హైస్కూలు చదివాను. మార్కులు మాత్రం నాకెవరూ వెయ్యలేదు.

నా ఇంగ్లీషు సంగతి కూడా చెప్పాలి. ప్రకాశం జిల్లాలో మా ఊరి జిల్లా పరిషత్ హైస్కూలు, తెలుగు మీడియం. ఏ బీ సీ డీలు ఆరో తరగతిలో. పదో తరగతికొచ్చేసరికి ఇంగ్లీషు రెండు పేపర్లు, ఒక నాన్-డీటెయిల్డ్ పుస్తకం, ఆ పుస్తకం తెరవకుండానే పాసైపోవడానికి ఒక గైడు. ‘యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్’ అని లీవ్ లెటరు. రాముడు రావణుణ్ణి చంపితే యాక్టివ్ వాయిసు, రాముడి చేత రావణుడు చంపబడితే పాసివ్ వాయిసు. మాస్టారు పాఠమంతా తెలుగులో చెప్పి, చివర్లో జవాబులు మాత్రం ఇంగ్లీషులో బోర్డు మీద రాసేవారు. మేం నోట్సులోకి ఎక్కించుకుని బట్టీ పట్టేవాళ్ళం. అందుకని నా లెక్కలో ఇంగ్లీషంటే ఈత లాంటిది. రానంతకాలం భయం, వచ్చేస్తే అయిపోయినట్టే. ఈ పిల్లకి వచ్చు. మరి ఇంకా నాలుగేళ్ళు ఏం నేర్పుతారు?

నాలుగేళ్ళూ తప్పదు మరి. టెక్సాస్‌లో హైస్కూలు డిప్లొమా చేతికి రావాలంటే కనీస ప్లానులో లెక్కలూ సైన్సూ మూడేసి క్రెడిట్లు (ఏడాది కోర్సు పాసైతే ఒకటి) చాలు, ఇంగ్లీషు మాత్రం నాలుగు ఉండాలి. ఇంగ్లీష్ వన్, టూ, త్రీ అని వరసగా మూడేళ్ళు, నాలుగో ఏడు ఇంగ్లీష్ ఫోర్ గానీ ఆ స్థాయిది ఇంకోటి గానీ. వేరే రాష్ట్రాల్లో వీటినే ఇంగ్లీష్ 9, 10 అని తరగతి నంబరుతో పిలిచే స్కూళ్ళున్నాయి.

స్కూల్లో చేర్పించేటప్పుడే ఒక తప్పు చేశాననుకున్నాను. ఫారాల కట్టలో ఒక కాగితం మీద రెండు ప్రశ్నలున్నాయి. ఇంట్లో ఎక్కువగా ఏ భాష మాట్లాడతారు? పిల్ల ఎక్కువగా ఏ భాష మాట్లాడుతుంది? రెండిటికీ ‘తెలుగు’ అని రాశాను. నిజమే కదా. ఆ మాట రాస్తే పిల్లకి ఇంగ్లీషు వచ్చో రాదో తేల్చడానికి పరీక్ష పెడతారని నాకు తెలీదు. పక్క అపార్ట్‌మెంట్ ఆవిడ విని, ‘అయ్యో వదినా, ఇంగ్లీష్ అని రాసి పడెయ్యాల్సింది, అందరం అదే రాశాం’ అంది. ఆవిడ సలహా మంచిది కాదని ఇప్పుడు అంటాను. ఆ పరీక్ష వల్ల నిజంగా సాయం కావలసిన పిల్లలకి అది అడక్కుండానే దొరుకుతుంది. దాచిపెట్టి మామూలు క్లాసులో కూర్చోబెడితే మునిగేది పిల్లే. మా అమ్మాయికి అవసరం లేదని తేలింది గానీ, తేలడానికి మూడు వారాలు పట్టింది. ఈలోగా ప్రీ-ఏపీ సెక్షన్లు నిండిపోయాయట. మామూలు ఇంగ్లీష్ వన్‌లో పడింది.

ఏపీ అంటే మనకి ఆంధ్రప్రదేశ్. మొదటి నెలంతా ఆ మాట విన్నప్పుడల్లా నాకు బస్సు మీద రాసిన అక్షరాలే కనపడేవి. ఇక్కడ ఏపీ అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. హైస్కూల్లోనే కాలేజీ స్థాయి కోర్సు చదివి, మే నెలలో కాలేజ్ బోర్డు అనే సంస్థ పెట్టే పరీక్ష రాస్తే, ఒకటి నుంచి ఐదు దాకా స్కోరు వేస్తారు. ఇంగ్లీషులో అలాంటివి రెండున్నాయి, పదకొండులో లాంగ్వేజ్, పన్నెండులో లిటరేచర్. వాటికి తయారు చేసే తొమ్మిది, పది తరగతుల క్లాసుల్ని అప్పట్లో ప్రీ-ఏపీ అనేవాళ్ళు. తరవాత చాలా చోట్ల అడ్వాన్స్‌డ్ అనో ఆనర్స్ అనో పేరు మార్చారు. పేరేదైనా మన తెలుగువాళ్ళ ఇళ్ళలో ప్రశ్న ఒకటే: ‘మీ పాప రెగ్యులరా, ప్రీ-ఏపీయా?’ రెగ్యులర్ అని చెప్పినప్పుడు ఎదుటివాళ్ళ మొహంలో వచ్చే జాలి చూడాలి.

‘సో వాట్’ సంగతి తేల్చుకోవడానికి టీచర్ని కలుస్తానన్నాను. అమ్మాయి వద్దంది. నేను వినలేదు. మా ఆయనకి మీటింగులు, అందుకని మేమిద్దరమే వెళ్ళాం. నాకు ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది గానీ, వాళ్ళ వేగంలో మాట్లాడాలంటే నోరు పెగలదు. నేను తెలుగులో చెప్పడం, అమ్మాయి ఇంగ్లీషులో టీచరుకి చెప్పడం. నేను గట్టిగానే అడిగాను: ‘పిల్ల రాసిన దాంట్లో తప్పేంటో చెప్పకుండా అయితే ఏంటట అని రాయడం ఏం పద్ధతి అని అడుగు. మా దేశంలో టీచర్లు ఇలా అవమానించరు అని చెప్పు.’ అమ్మాయి చెప్పింది. ఆవిడ ఏమాత్రం కోపం తెచ్చుకోలేదు సరికదా, నవ్వుతూ కుర్చీ దగ్గరికి లాక్కుని, వ్యాసం తీసి ఇరవై నిమిషాలు ఓపిగ్గా వివరించింది. ఎంత మర్యాదస్తురాలో అనుకున్నాను.

ఆవిడ చెప్పింది ఇదీ. క్లాసులో ఒక కథ చదివారు. భర్త పోయిన ముసలావిడ రోజూ పొద్దున్నే అలవాటుగా రెండు కప్పుల కాఫీ కలుపుతుంది. మా అమ్మాయి ఆ వాక్యాన్ని కథలోంచి ఎత్తి రాసి, కింద ‘ఇది ఆమె బాధను చూపిస్తుంది’ అని రాసి వదిలేసింది. ‘బాధ అని నాకూ తెలుసు. కానీ బాధ చూపించాలంటే రచయిత ఆవిణ్ణి ఏడిపించవచ్చుగా? కప్పులెందుకు? రెండో కప్పు వల్ల ఏడుపు చెప్పలేనిది ఏం చెప్పాడు? అది నువ్వు చెప్పాలి.’ ముందు నువ్వేమంటున్నావో ఒక మాట, దానికి కథలోంచి ఒక ఆధారం, ఆ ఆధారం నీ మాటని ఎలా నిలబెడుతుందో కనీసం రెండు వాక్యాల వివరణ. ఆధారం ఒక పాలైతే వివరణ రెండు పాళ్ళు. ‘సో వాట్’ అంటే అదే, ‘ఇంకా చెప్పు, వింటున్నాను’ అని.

ఇంటికొచ్చి అమ్మాయి గంట కూర్చుంది. ఒక్క ముక్క రాలేదు. నేను చిక్కుడుకాయలు వలుస్తూ మా అమ్మమ్మ సంగతి చెప్పాను. తాతయ్య పోయాక ఏడాది దాకా ఆవిడ రోజూ ఆయన చెంబు తోమి, నీళ్ళు పట్టి, అరుగు మీద పెట్టేది. సాయంత్రం ఆ నీళ్ళు కనకాంబరాల మొక్కకి పోసేది. ఎప్పుడూ ఏడ్చేది కాదు. అమ్మాయి విని, చాలాసేపు పెన్ను కొరికి, ఒక వాక్యం రాసి నాకు తెలుగులో చెప్పింది: ‘భర్త లేడని ఆవిడకి తెలుసు, ఆవిడ చేతులకి ఇంకా తెలీదు.’

తిరగరాసి ఇస్తే 84 వేశారు. తిరగరాసుకోనిస్తారు, అదొకటి ఇక్కడ నాకు నచ్చింది. మా రోజుల్లో పేపరు దిద్దడమంటే చావుకబురు. దాన్ని మళ్ళీ తెచ్చి బాగుచేసుకోమనేవాడెవడు?

తొమ్మిదో తరగతి మిగతా కాలం ఇదే. పుస్తకాలు మారాయి, పని మారలేదు. వసంతంలో ‘రోమియో అండ్ జూలియట్’ వచ్చింది. ఎడమ పేజీలో నాటకం, కుడి పేజీలో మాటలకి అర్థాలు. చూడగానే మన పద్యాలకి ప్రతిపదార్థం, తాత్పర్యం రాసినట్టే ఉందని సంబరపడ్డాను. కాకపోతే మనం తాత్పర్యం రాసి ఆపేసేవాళ్ళం. వీళ్ళు తాత్పర్యం వచ్చాక మొదలుపెడతారు.

ఆ ఏడాది చివర స్టార్ పరీక్ష. రాష్ట్రం పెట్టే ఐదు ఎండ్-ఆఫ్-కోర్సు పరీక్షల్లో రెండు ఇంగ్లీషువే, ఇంగ్లీష్ వన్, టూ. ఐదు గంటల పరీక్ష. చదివి జవాబులివ్వడం కాక ఒక వ్యాసం రాయాలి, అదీ 26 గీతల్లో. ఇరవయ్యేడో గీత లేదు. ఇద్దరు వేర్వేరుగా దిద్ది ఒక్కొక్కరు నాలుగుకి మార్కు వేసి కలుపుతారు. నా జీవితంలో అడిషనల్ షీట్లు ఎన్ని తీసుకుంటే అంత తెలివైనదాన్నని అనుకున్నదాన్ని. పరీక్షలో చోటు లేకుండా చెయ్యడం కూడా ఒక పరీక్షేనని అప్పుడు తెలిసింది. అమ్మాయి ఇంటి దగ్గర వారానికొకటి రాసేది, నేను స్కేలు పెట్టి గీతలు గీసి ఇచ్చేదాన్ని. 2023 నుంచి పరీక్ష మొత్తం కంప్యూటర్ మీదకెళ్ళి ఆ పద్ధతి మారింది, ఇప్పటి పిల్లలకి నా స్కేలుతో పని లేదు.

పదో తరగతిలో ప్రీ-ఏపీలో సీటు దొరికింది. కథల స్థానంలో వాదన వచ్చింది. వ్యాసంలో నీ అభిప్రాయం చెప్పు, దానితోపాటు నీకు ఎదురు నిలబడేవాడి అభిప్రాయం కూడా వాడు ఒప్పుకునేలా చెప్పు, ఆ తరవాతే దాన్ని కొట్టు. స్కూలు పొద్దున ఆలస్యంగా మొదలవ్వాలా అన్నది అంశమైతే, మా అమ్మాయి ఎదుటిపక్షాన్ని రెండు ముక్కల్లో బద్ధకస్తుల్లా చూపించి తోసేసింది. మార్జిన్‌లో వచ్చిన వ్యాఖ్య: ‘నీ ప్రత్యర్థి మరీ తెలివితక్కువగా ఉన్నాడు. ఇలాంటివాణ్ణి గెలిస్తే గొప్పేముంది?’ ఇది నాకు వెంటనే ఎక్కింది. మన శాస్త్రాల్లో పూర్వపక్షం అన్నారే, అదే. సిద్ధాంతం చెప్పేముందు పూర్వపక్షాన్ని ఎంత బలంగా నిలబెడితే పండితుడు అంత గట్టివాడని మా తెలుగు మాస్టారు అనేవారు. అమ్మాయికి చెబితే, ‘మీకు ఇవన్నీ ముందే ఉన్నాయా, మరి స్కూల్లో ఎందుకు చెప్పలేదు?’ అంది. నా దగ్గర జవాబు లేదు.

ఇంగ్లీష్ టూ స్టార్‌లో రాయాల్సింది సరిగ్గా ఈ వాదించే వ్యాసమే. ఏడాదంతా దానికే తయారయ్యారు. 2020 మార్చిలో స్ప్రింగ్ బ్రేక్‌కి ఇంటికొచ్చిన పిల్లలు ఆ ఏడాది మళ్ళీ బడి మొహం చూడలేదు. గవర్నరు ఆ వసంతం స్టార్ పరీక్షలన్నీ రద్దు చేశారు. పరీక్ష పోయిందని అమ్మాయి గంతులేసింది. నేను గీతలు గీసిన కాగితాలు ఒక దస్తా మిగిలిపోయాయి. వాటి మీద కిరాణా లిస్టులు రాసుకున్నాను. దేనికైనా 26 గీతల్లోనే ఇమిడిపోయేది.

పదకొండో తరగతికి ఏ ఇంగ్లీషు తీసుకోవాలన్న రభస దానికి ముందే, ఆ సంక్రాంతి పాట్‌లక్‌లో జరిగింది. పులిహోర పళ్ళెం పట్టుకుని నిలబడితే నలుగురు నాలుగు చెప్పారు. ఒకావిడ డ్యూయల్ క్రెడిట్ అంది. అంటే కమ్యూనిటీ కాలేజీ వాళ్ళ కంపోజిషన్ (వ్యాసరచన) కోర్సు హైస్కూల్లోనే చేసెయ్యడం. పాసైతే టెక్సాస్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఆ క్రెడిట్ చెల్లుతుంది, ఒక్కరోజు పరీక్ష మీద ఆధారపడక్కర్లేదు. బయట రాష్ట్రాలూ ప్రైవేటు కాలేజీలూ మాత్రం ఒప్పుకుంటాయన్న హామీ లేదు. ఇంకొకాయన ఏపీ అన్నాడు. జీపీఏలో, అంటే మార్కుల సగటులో, బరువు ఎక్కువ, ర్యాంకు పెరుగుతుంది. ఆస్టిన్ యూనివర్సిటీలో ఆటోమేటిక్ అడ్మిషన్‌కి అప్పుడు క్లాసులో టాప్ 6 శాతంలో ఉండాలి. ఆ ఆరు అనే అంకె మన ఇళ్ళలో గాయత్రీ మంత్రం కన్నా ఎక్కువసార్లు వినపడేది. ఎవరూ ఒక్కమాట మాత్రం అడగలేదు, పిల్లకి ఆ క్లాసులో ఏం చదువుతారో తెలుసా అని. నేనూ అడగలేదు. ఏపీ లాంగ్వేజ్‌లో టిక్కు పెట్టేశాం.

ఆ క్లాసులో కథలు తక్కువ. ఉపన్యాసాలు, ఉత్తరాలు, సంపాదకీయాలు. ఏం చెప్పాడన్నది ఇక్కడ అసలు ప్రశ్న కాదు. ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో, ఏం సాధించాలని, అలాగే ఎందుకు చెప్పాడు అన్నది ప్రశ్న. పరీక్షలో మూడు వ్యాసాలు. ఆరేడు ఆధారాలిచ్చి వాటిని కలిపి నీ వాదన చెయ్యమని ఒకటి, ఒకరి ప్రసంగాన్నో వ్యాసాన్నో విప్పి చూపించమని ఒకటి, ఏమీ ఇవ్వకుండా నీ బుర్రలోంచి వాదించమని ఒకటి. రెండుంబావు గంటలు. దానికి ముందు గంటలో 45 బిట్లు. ఒక్కో వ్యాసానికి ఆరు పాయింట్లు: నువ్వేమంటున్నావో తేల్చి చెబితే ఒకటి, ఆధారాలకీ వివరణకీ నాలుగు, మిగిలిన ఒక్కటీ లోతుకి. ఆ లోతు పాయింటు మన లడ్డూ ప్రసాదం లాంటిది. లైన్లో అందరూ నిలబడతారు, దొరికేది కొందరికే.

క్లాసులు ఇంటి నుంచే, తెర మీద. మొదటి వ్యాసానికి ఆరింటికి రెండు వచ్చాయి. అమ్మాయి ‘రచయిత ఉపమాలంకారం వాడాడు, పునరుక్తి వాడాడు’ అని అలంకారాల పట్టిక రాసింది. టీచరు (ఈయన వేరే, గడ్డమాయన) తెర మీద అన్నది వంటింట్లోంచి విన్నాను: ‘వడ్రంగి దగ్గర ఏ పనిముట్లున్నాయో చెప్పావు. కుర్చీ ఎందుకు చేశాడో చెప్పలేదు.’

ఆ రాత్రి గారెల పిండి రుబ్బుతూ ఉంటే నాకు రాయబారం గుర్తొచ్చింది. మా ఊళ్ళో శ్రీరామనవమి పందిట్లో తెల్లవార్లూ నాటకం. కృష్ణుడు కౌరవసభకి వచ్చి ముసలి ధృతరాష్ట్రుడితో ఒకలా మాట్లాడతాడు, దుర్యోధనుడితో ఇంకోలా. పెద్దాయన దగ్గర మెత్తగా, పిల్లల క్షేమం మీద నుంచి. కొడుకు దగ్గర, సభలో అందరూ వింటుండగా, యుద్ధమొస్తే ఏమవుతుందో కళ్ళకు కట్టినట్టు. అడిగేది రెండు చోట్లా సంధే. పైగా ఒప్పుకోరని తెలిసే వచ్చాడు, అంటే ఆ మాటలు అసలు ఎవరికోసం? సభలో కూర్చున్న మిగతావాళ్ళకోసం, రేపు ‘ముందే చెప్పలేదే’ అని ఎవరూ అనకుండా. అమ్మాయిని కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను. అది పెన్సిలు తీసి మూడు గడులు గీసింది. ఎవరితో, ఏం కావాలని, అందుకని ఏ మాట. ‘అమ్మా, ఇదే ఆ గడ్డమాయన అడిగేది’ అంది. నవమి పందిట్లో వన్స్ మోర్ అని అరిచిన జనానికి ఇదంతా తెలుసన్నమాట, పేరు తెలీదంతే.

ఇంగ్లీష్ త్రీ అంటే చాలా స్కూళ్ళలో అమెరికన్ సాహిత్యం కూడా. ఆ జనవరిలో ‘ది గ్రేట్ గాట్స్‌బీ’ మొదలుపెట్టారు. 1925 నాటి ఆ నవలకి అమెరికాలో కాపీరైటు సరిగ్గా 2021 జనవరి 1న తీరిపోయింది. పుస్తకం కొనక్కర్లేకుండా నెట్‌లో ఉచితంగా దొరికింది. లైబ్రరీలు మూసున్న కాలం, నాకు అదో పండగ. డబ్బున్నవాడి ఇంట్లో పార్టీలు, పిలవకుండా వచ్చి తినిపోయే జనం, చివరికి వాడు చస్తే సాగనంపడానికి మనుషులు లేకపోవడం. ఇందులో అర్థం కానిదేముంది? నాకు అర్థం కానిదల్లా కథలో అవతలి ఒడ్డున కనపడే ఆ పచ్చదీపం గురించి పిల్లలు ఆరేసి పేజీలు రాయడం. ఇప్పటికీ దీపాన్ని దీపంగా వదిలేస్తే బాగుండనిపిస్తుంది. అమ్మాయి ఒప్పుకోదు.

2021 మేలో స్కూలు జిమ్‌లో మాస్కులు కట్టుకుని పరీక్ష రాశారు. వంద డాలర్లకి కాస్త తక్కువ ఫీజు. జులైలో స్కోరు వచ్చింది, నాలుగు. మూడు వచ్చినా ఇక్కడి ప్రభుత్వ యూనివర్సిటీలు మామూలుగా క్రెడిట్ ఇవ్వాలని రాష్ట్ర చట్టమే ఉంది కాబట్టి, కాలేజీ మొదటి ఏడాది రాయాల్సిన కంపోజిషన్ అప్పుడే తప్పిపోయింది. మా ఆయన ‘ఇంగ్లీషు అయిపోయింది’ అని మైసూర్‌పాకు తెచ్చారు.

అవలేదు. పన్నెండో తరగతి మొదటి రెండు నెలలూ కాలేజీ అప్లికేషన్ వ్యాసం. 650 పదాలు, నీ గురించి. మూడేళ్ళు ఎవరో రాసినదాన్ని విప్పిన పిల్లకి ఇప్పుడు విప్పడానికి తనే దొరికింది. మొదటి డ్రాఫ్టు ‘ఇండియా నుంచి వచ్చి కొత్త దేశంలో కష్టపడ్డాను’ అని. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. టీచరు మెత్తగానే చెప్పిందట, ఇలాంటివి ఈ వారంలోనే చాలా చదివానని. అమ్మాయి అలిగి గదిలోకి పోలేదు. తొమ్మిదిలో అయితే పోయేది. తన కాగితం మీద తనే మార్జిన్‌లో ‘సో వాట్’ అని రాసుకుని, నాలుగు పేరాల్లో మూడు కొట్టేసింది.

అప్లికేషన్ పంపే ముందురోజు రాత్రి చివరి డ్రాఫ్టు చదవమని ఇచ్చింది. అందులో తొమ్మిదో తరగతి టీచర్ని కలవడానికి మేం వెళ్ళిన రోజు ఉంది. నేను ‘ఇలా అవమానించడం ఏం పద్ధతి అని అడుగు’ అన్నానా, అమ్మాయి టీచరుతో ఇంగ్లీషులో అన్నదేమిటంటే, ‘నేను ఎలా మెరుగుపడాలో మా అమ్మ తెలుసుకోవాలనుకుంటోంది’ అని. ‘మా దేశంలో టీచర్లు ఇలా చెయ్యరు’ అన్నదాన్ని ‘మీరు సమయం ఇచ్చినందుకు మా అమ్మ కృతజ్ఞతలు చెబుతోంది’ చేసింది. టీచరు అన్న ఒకటి రెండు మాటలు కూడా నా దాకా రాకుండా మింగేసిందట. పద్నాలుగేళ్ళ వయసులో, ఇద్దరు పెద్దవాళ్ళ మధ్య కుర్చీలో కూర్చుని, ఎవరికి ఏ మాట చెబితే పని జరుగుతుందో లెక్కేసుకుని చెప్పిందన్నమాట. ఆ తరవాత వ్యాసమంతా, అలా చెయ్యడం సాయమా, అబద్ధమా, ఇద్దరికీ నా గొంతు అరువిచ్చినప్పుడు నా మాట ఏమైంది అని.

నేను మూడేళ్ళుగా ఆ టీచరు మర్యాద గురించి అందరికీ చెప్పుకుంటూ వచ్చాను.

‘ఆవిడ ఏమందేమిటి, నువ్వు మింగేసినవి?’ అని అడిగాను.

‘చెప్పను. 650 పదాల్లో పట్టలేదు’ అంది.

మిగతా ఏడాది తొందరగా పోయింది. ఏపీ లిటరేచర్‌లో ఒక పద్యం, ఒక గద్యం, తనకి నచ్చిన పుస్తకం మీద ఒక వాదన. క్లాసు చర్చల్లో చాలాసార్లు ప్రశ్న కూడా పిల్లలే వేసుకోవాలి. క్లాసులో టీచరు మాట్లాడేది తక్కువ, పిల్లలే గుండ్రంగా కూర్చుని వాదించుకునేవాళ్ళట. మే పరీక్షలో మూడు వచ్చింది. అప్పటికి అడ్మిషన్ వచ్చేసింది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

మే నెలాఖరులో స్కూలు నుంచి మెయిలు వచ్చింది. ‘మాక్‌బెత్’ కాపీ ఒకటి తిరిగివ్వలేదు, ఇచ్చేదాకా బాకీ కింద లెక్క. పుస్తకం నా మంచం పక్కనే ఉంది. తెరిస్తే పేజీ పేజీకీ పెన్సిలుతో నా తెలుగు అక్షరాలు: కష్టమైన మాటలకి అర్థాలు, ‘వీడు మాట మార్చాడు’, ‘ఇది ఇందాక మంత్రగత్తెలు అన్నదే’. స్కూలు పుస్తకం కదా, ఒక సాయంత్రమంతా కూర్చుని రబ్బరుతో చెరిపాను. ఐదో అంకంలో రాణి నిద్రలో లేచి నడుస్తూ, లేని రక్తాన్ని చేతుల నుంచి కడుక్కునే చోట ‘అయ్యో పాపం’ అని రాసుకున్నాను. దాని కింద అమ్మాయి అక్షరాలు, చిన్నగా, ఎప్పుడు రాసిందో: ‘సో వాట్?’

రెండూ చెరిపేసి పుస్తకం దాని బ్యాగులో పెట్టాను.